కార్టిసాల్ పెరిగితే ఇంట్లోవాళ్ల మీదే అరవాలా?

ప్రశ్న: మాది కాకినాడ. నా వయసు 34. పెళ్లయి పదేళ్లు, ఎనిమిదేళ్ల పాప ఉంది. మావారు ఒక ఫైనాన్స్ కంపెనీలో ఏరియా మేనేజర్. టూవీలర్ లోన్ల వసూళ్లన్నీ ఆయన టీమే చూడాలి. ఏడాదిన్నరగా ఇంటికి రాగానే దేనికో ఒకదానికి కేకలు వేస్తున్నారు. కూరలో ఉప్పు, పాప హోంవర్కు, టీవీ రిమోట్ కనబడకపోవడం, ఏదైనా చాలు. నెలాఖరు అయితే ఇంక చెప్పక్కర్లేదు. చెయ్యి చేసుకోలేదు గానీ రెండుసార్లు కంచం విసిరేశారు. అరగంటకల్లా ఆయన మామూలైపోతారు. నాకు మాత్రం రాత్రంతా నిద్ర ఉండదు.

ఈమధ్య ఫోన్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ గురించి వీడియోలు చూసి, ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లేవాళ్లను పిలిపించి పరీక్ష చేయించుకున్నారు. వాళ్లిచ్చిన రేంజ్ కంటే కాస్త ఎక్కువ వచ్చింది. అప్పటినుంచి "చూశావా, నా తప్పు కాదు, హార్మోన్ చేయిస్తోంది" అంటున్నారు. కార్టిసాల్ తగ్గిస్తుందని ఏదో అశ్వగంధ పొడి తెప్పించారు. మా అత్తగారేమో "మగాడికి బయట సవాలక్ష టెన్షన్లు, నువ్వే సర్దుకోవాలి" అంటారు. ఇది నిజంగా హార్మోన్ వల్లేనా? మళ్లీ పరీక్ష చేయించాలా? పాప మీద దీని ప్రభావం ఉంటుందా?

– ఒక పాఠకురాలు

సమాధానం: మీవారు చెప్పింది సగం నిజమేనండి. ఆయన ఒంట్లో పుట్టే ఉద్రేకంలో హార్మోన్ల పాత్ర ఉంది. అది ఎవరి మీద పడాలో మాత్రం హార్మోన్ చెప్పదు. టార్గెట్ ఏమైందని నిలదీసిన పై ఆఫీసరు ముందు మీవారు కంచాలు విసిరి ఉండరు. అప్పుడూ ఆయన ఒంట్లో అదే కార్టిసాల్ ఉంది. బహుశా ఇంట్లో ఉన్నప్పటికంటే ఎక్కువే ఉండి ఉంటుంది.

ఇది ఊరికే వాదనకు అంటున్న మాట కాదు. దీని మీద దశాబ్దాల తరబడి జరిగిన పరిశోధన ఉంది. రాబర్ట్ సపోల్‌స్కీ అనే అమెరికన్ మెదడు శాస్త్రవేత్త, ఇప్పుడు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్, 1978లో కెన్యా వెళ్లి అక్కడి గడ్డి మైదానాల్లో బబూన్ల గుంపులను గమనించడం మొదలుపెట్టారు. బబూన్లంటే కుక్కమూతి ఉండే పెద్ద కోతులు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లపాటు ఏటా అక్కడికి వెళ్లి వస్తూ, ఏ బబూన్ ఎవరిని కొడుతోంది, ఎవరి చేత దెబ్బలు తింటోంది, వాటి రక్తంలో ఒత్తిడి హార్మోన్లు ఎలా ఉన్నాయి అని లెక్కలు రాసుకున్నారు. బబూన్లనే ఎంచుకోవడానికి మంచి కారణముంది. వాటికి తిండి వెతుక్కోవడానికి రోజుకు మూడు నాలుగు గంటలు చాలు. మిగతా పగలంతా ఒకదాన్నొకటి వేధించుకోవడానికి కావలసినంత తీరిక. అంటే వాటి టెన్షన్ ఎక్కువగా ఆకలి వల్లో సింహాల వల్లో వచ్చేది కాదు, సాటి బబూన్ల వల్ల వచ్చేది. మన ఆఫీసుల పరిస్థితికి ఇది ఎంత దగ్గరో మీవారికి చెప్తే ఆయనే నవ్వుతారేమో.

ముందు ఆ రక్తపరీక్ష సంగతి తేల్చేద్దాం. కార్టిసాల్ కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల్లో తయారవుతుంది. మెదడులోని హైపోథాలమస్ అనే భాగం పిట్యూటరీ గ్రంథికి, పిట్యూటరీ అడ్రినల్‌కు కబురు పంపితే విడుదలవుతుంది. ఇది విషం కాదు. పొద్దున్నే మనల్ని లేపి నిలబెట్టేదే ఇది. నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంట లోపల బాగా పెరుగుతుంది, రోజు గడిచేకొద్దీ తగ్గుతూ అర్ధరాత్రికి అడుగంటుతుంది. ముందు రాత్రి నిద్ర చాలకపోయినా, జ్వరంగా ఉన్నా, సూది చూస్తే భయమేసినా అంకె మారిపోతుంది. సపోల్‌స్కీ ఒక్క బబూన్ రక్తం కోసం పడిన పాట్లు చూడండి. మత్తుమందు పూసిన చిన్న బాణాన్ని గొట్టంతో ఊది కొట్టేవారు. అదీ అది చూడకుండా, వెనక నుంచి. ఆ రోజు అది ఎవరితోనూ పోట్లాడి ఉండకూడదు, జబ్బుగా ఉండకూడదు, ఆడ బబూన్‌తో జతకట్టి ఉండకూడదు. అన్నిటి రక్తమూ రోజులో ఒకే సమయంలో తీయాలి, అదీ మత్తు ఎక్కగానే త్వరగా తీయాలి. ఇంత చేస్తే గానీ ఒకదాని అంకెను మరోదానితో పోల్చడానికి వీల్లేదు. మీవారికేమో నెలాఖరు హడావిడిలో, కాలింగ్ బెల్ కొట్టి వచ్చిన కుర్రాడు సూది గుచ్చి తీసుకెళ్లాడు. రేంజ్ కంటే కాస్త ఎక్కువ అనే ఆ ఒక్క అంకెతో ఆయన స్వభావం గురించి ఏమీ తేలదు. డాక్టర్లు ఈ పరీక్షను టెన్షన్ కొలవడానికి రాయరు, కుషింగ్స్, అడిసన్స్ లాంటి గ్రంథుల జబ్బులను అనుమానించినప్పుడు రాస్తారు. ముఖం గుండ్రంగా ఉబ్బడం, పొట్ట మీద వెడల్పాటి ఊదారంగు చారలు, చిన్న దెబ్బకే కమిలిపోవడం, కుర్చీలోంచి లేవడానికి తొడల్లో బలం లేకపోవడం లాంటివి ఉంటే ఎండోక్రైనాలజిస్టుకు, అంటే హార్మోన్ల డాక్టరుకు చూపించండి. అవేవీ లేకపోతే ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టేయండి. మళ్లీ పరీక్ష అక్కర్లేదు.

ఇక అసలు విషయం. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడం అని మనకో సామెత ఉంది. (ఇక్కడ అత్త అంటే ఆయన ఆఫీసే. మీ అత్తగారి సంగతి తర్వాత.) సపోల్‌స్కీ బబూన్లు చేసే పనుల్లో చాలా భాగం ఇదే. పెద్ద మగ బబూన్ ఒకటి పోట్లాటలో ఓడిపోతుంది. వెంటనే వెనక్కి తిరిగి తనకంటే చిన్న మగదాన్ని తరుముతుంది. అది పోయి ఆడదాన్ని కరుస్తుంది. ఆ ఆడది పిల్ల బబూన్‌ను చరుస్తుంది. ఇదంతా ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఇందులో వినడానికి కష్టంగా ఉండే సంగతి ఒకటుంది. ఓడిపోయాక ఇలా పక్కవాడి మీద పడే అలవాటున్న మగ బబూన్ల రక్తంలో ఒత్తిడి హార్మోన్లు తక్కువగా కనిపించాయి. ఎలుకల్లోనూ అంతే. 1971లో అచ్చైన ఒక పరిశోధనలో, ఒంటరిగా కరెంటు షాక్ తిన్న ఎలుకలకంటే, జంటగా షాక్ తింటూ పక్కదానితో కలబడిన ఎలుకల్లో ఒత్తిడి హార్మోన్ తక్కువగా పెరిగింది. అంటే దుత్త పగలగొడితే పగలగొట్టినవాడికి నిజంగానే హాయిగా ఉంటుంది.

అరగంటలో ఆయన మామూలైపోవడానికీ, మీకు తెల్లవార్లూ నిద్ర పట్టకపోవడానికీ కారణం ఇదే అయ్యుండొచ్చు. ఆయన దించుకున్న బరువు మీ మీదికి వచ్చింది. "కాసేపు అరిస్తే తగ్గిపోతుంది, మనసులో ఏమీ ఉండదు" అని ఇలాంటి మగవాళ్ల గురించి మెచ్చుకోలుగా చెప్పుకుంటాం చూడండి, ఆ మాట అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆయన మనసులో ఏమీ ఉండదు సరే. మరి మిగతావాళ్ల మనసుల్లో?

హార్మోన్ చేయిస్తోందన్న మాటకు ఇంకో జవాబు టాలపాయిన్ అనే చిన్న కోతుల దగ్గర దొరికింది. ఇది కార్టిసాల్ కథ కాదు, టెస్టోస్టిరాన్ కథ. మగవాళ్ల దూకుడుకు అదే మూలమని అందరూ నమ్మే హార్మోన్. 1977లో అచ్చైన పరిశోధన ఇది. తమలో తమకు పెద్దా చిన్నా తరతమాలు ఏర్పడిన మగ కోతులకు ఆ హార్మోన్ ఎక్కించి చూశారు. మధ్య స్థానంలో ఉన్న కోతికి దూకుడు పెరిగింది. కానీ అది పైవాళ్ల జోలికి పోలేదు, తనకంటే కిందివాళ్లను మాత్రం మరింతగా వేధించింది. సపోల్‌స్కీ ఈ ఉదాహరణను తరచూ చెప్తారు. హార్మోన్ ఉన్న అలవాటునే పెద్దది చేస్తుంది, ఎవరి మీద అన్నది అప్పటికే నేర్చుకున్న సంగతి అని ఆయన వాదన. మీవారి విషయంలోనూ అంతే. కిందికి అరవచ్చు, పైకి అరవకూడదు అన్న లెక్క హార్మోన్ పొంగిన ఆ క్షణంలో కూడా ఆయన తప్పడం లేదు.

ఇదంతా వింటే బబూన్ల బతుకు మారదేమో అనిపిస్తుంది. మారింది. సపోల్‌స్కీ చూస్తున్న గుంపుల్లో ఒకదాని పక్కన టూరిస్టు లాడ్జి ఒకటుంది. దాని చెత్తకుప్పలో పడేసిన మాంసం కోసం ఈ గుంపులోని మగ బబూన్లు కొన్ని రోజూ పొద్దున్నే వెళ్లి పక్క గుంపుతో కొట్లాడి తిని వచ్చేవి. అలా వెళ్లేది సహజంగానే బాగా దూకుడుగా ఉండేవి, ఎవరితోనూ కలవనివి. 1980లలో ఆ మాంసం ద్వారా క్షయ సోకి అవన్నీ చచ్చిపోయాయి. గుంపులోని మగవాటిలో దాదాపు సగం పోయాయి. మిగిలినవి నెమ్మదస్తులు, ఆడవాటి పక్కన కూర్చుని పేలు చూసే రకం. గుంపు ప్రశాంతమైంది. ఇందులో వింతేమీ లేదు, రౌడీలు పోతే వీధి నెమ్మదిస్తుంది. వింత తర్వాత జరిగింది. మగ బబూన్లు వయసుకు రాగానే పుట్టిన గుంపు వదిలి వేరే గుంపులో చేరతాయి. 1993 నాటికి ఆ గుంపులో పాత మగవి ఒక్కటీ లేవు, ఉన్నవన్నీ బయట మామూలు గుంపుల్లో పెరిగి వచ్చినవే. అయినా ప్రశాంతత పోలేదు. కొత్తగా వచ్చిన మగవాటిని అక్కడి ఆడవి తొందరగా దగ్గరికి రానిచ్చాయి, పేలు చూశాయి. ఇక్కడ చిన్నవాళ్ల మీద పడి కోపం తీర్చుకోవడం ఉండదని ఆ కొత్తవి నేర్చుకున్నాయి. అన్నిటికంటే కింది స్థానంలో ఉన్న మగ బబూన్లకు మామూలుగా ఉండే ఒత్తిడి గుర్తులు కూడా ఈ గుంపులో కనిపించలేదు. సపోల్‌స్కీ, ఆయన భార్య లిసా షేర్ కలిసి 2004లో దీన్ని ప్రచురించారు.

జాగ్రత్తగా వినండి, ఈ కథ చెప్పి "మీరు ప్రేమగా ఉంటే ఆయన మారతారు" అనడం నా ఉద్దేశం కాదు. ఆ సలహా మీ అత్తగారు ఇప్పటికే ఇచ్చారు. నేను చెప్పేదల్లా మగాడి పుట్టుకే అంత, హార్మోనే అంత అనే మాటను బబూన్లు కూడా ఒప్పుకోవడం లేదని. మీ అత్తగారి మాటలో బయట టెన్షన్లున్నాయన్నది నిజం. అయితే గుంపులో ఎవరి మాట చెల్లదో, ఎప్పుడు ఏమొచ్చి మీద పడుతుందో తెలియక ఎవరు బతుకుతారో, కార్టిసాల్ ఎక్కువగా ఉండేది సాధారణంగా వాళ్లకే. ఆ లెక్కన మీ ఇంట్లో ఆ పరీక్ష ముందు చేయాల్సింది మీకు.

ఏం చేయాలో చూద్దాం. కోపం వచ్చినప్పుడు గుండె దడదడలాడించే అడ్రినలిన్ క్షణాల్లో వస్తుంది. కార్టిసాల్ నిదానం. గొడవ మొదలయ్యాక ఇరవై ముప్పై నిమిషాలకు గానీ పూర్తిగా ఎక్కదు, దిగడానికి ఇంకా సమయం కావాలి. మీవారు ఆఫీసులో ఆఖరి ఫోన్ కాల్ మాట్లాడి బండెక్కి ఇంటికొచ్చే సమయమూ సుమారుగా అంతే అయితే, ఆ కాల్ తాలూకు వేడి తారస్థాయిలో ఉండగా ఆయన గుమ్మంలో అడుగు పెడుతున్నారన్నమాట. కాబట్టి నేరుగా ఇంటికి రావద్దు. దారిలో బండి ఆపి, ఆఫీసు వాట్సాప్ గ్రూపు చూడకుండా, ఒక అరగంట గట్టిగా నడిచి రావాలి. మీకు బీచ్ రోడ్డు ఉండనే ఉంది. వచ్చాక స్నానం, తిండి అయ్యేదాకా ఫీజులు, బిల్లులు, హోంవర్కు ఎత్తకూడదు. ఈ ఏర్పాటు ఆయన చేసుకోవాల్సింది, మీరు చేసిపెట్టాల్సింది కాదు. ఆయన మూడ్ చెడకుండా మీరు ముందుగానే అన్నీ సర్దిపెడుతూ పోతే దుత్తను జాగ్రత్తగా అందుబాటులో పెట్టినట్టే అవుతుంది.

బబూన్ల నుంచి ఆయనకు పనికొచ్చేది ఇంకోటుంది. పక్కన పడుకుని ఉన్న శత్రువునూ, మీదికి వస్తున్న శత్రువునూ ఒకేలా చూసి ఉలిక్కిపడే మగ బబూన్లకు కార్టిసాల్ ఎక్కువ. రెండిటికీ తేడా తెలిసినవాటికి తక్కువ. కనబడని రిమోట్ పడుకుని ఉన్న శత్రువు కూడా కాదు. అలాగే ఆడవాటి పక్కన కూర్చుని పేలు చూసేవీ, పిల్లలతో ఆడుకునేవీ అయిన మగ బబూన్లకు కూడా ఒత్తిడి హార్మోన్లు తక్కువే. అంటే కోపం దించుకోవడానికి దుత్త పగలగొట్టడం ఒక్కటే దారి కాదు.

ఈ మాటలు గొడవ జరుగుతున్నప్పుడు చెప్పకండి. ఏ ఆదివారం పొద్దున్నో, టిఫిన్ అయ్యాక, అత్తగారు లేనప్పుడు చెప్పండి. "మీ టెన్షన్ నిజమని నాకు తెలుసు. డాక్టరు దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తాను. కానీ మా మీద అరవడం, వస్తువులు విసరడం ఇక ఉండకూడదు. మొదలుపెడితే నేను పాపను తీసుకుని ఆ గదిలోంచి వెళ్లిపోతాను" అని. చెప్పాక అలాగే చేయండి, కేకలు మొదలుకాగానే లేచి వెళ్లండి. జవాబు చెప్పొద్దు, అప్పటికప్పుడు నచ్చజెప్పాలనీ చూడొద్దు.

ఆయనకు ఇదంతా వారంలో వచ్చేస్తుందని అనుకోవద్దు. బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌లో సుమంత్ర చటర్జీ బృందం చేసిన పని ఇక్కడ గుర్తొస్తుంది. ఎలుకలను రోజుకు రెండు గంటల చొప్పున పదిరోజులు కదలకుండా బంధించి ఉంచారు. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో నాడీకణాల కొమ్మలు కుంచించుకుపోయాయి. భయాన్ని పసిగట్టే అమిగ్డలాలో మాత్రం కొమ్మలు ఇంకా పెరిగాయి. ఇది 2002లో వచ్చిన ఫలితం. తర్వాత 21 రోజులు ఏ ఒత్తిడీ లేకుండా వదిలేస్తే హిప్పోక్యాంపస్ కోలుకుంది, అమిగ్డలాలో పెరిగిన కొమ్మలు అలాగే ఉన్నాయి. ఎలుకల లెక్క మనుషులకు అచ్చంగా అలాగే వర్తించదనుకోండి. మనుషుల్లో కాస్త ధైర్యమిచ్చే సంగతీ ఉంది. న్యూయార్క్‌లో పెద్ద పరీక్షకు చదువుతున్న మెడికల్ విద్యార్థుల మెదళ్లను స్కాన్ చేసి చూస్తే, ఒక విషయం మీంచి మరో విషయానికి ధ్యాస మళ్లించే శక్తి తగ్గింది, ఒత్తిడి తగ్గాక నెలరోజులకు మళ్లీ మామూలైంది. 2009 నాటి ఫలితమిది. అయితే ఆ విద్యార్థులకు పరీక్ష అయిపోయింది. మీవారికి ప్రతి నెలకూ ఒక నెలాఖరు ఉంది. ఏడాదిన్నరగా ఇదే నడుస్తోందంటే ఆ ఉద్యోగంలో ఏదో ఒకటి మారాలి. సొంత టీమ్, ఏరియా, వేళలు, లేదంటే ఉద్యోగమే. ఈ సంగతి ఆయనతో తీరిగ్గా మాట్లాడాలి.

పాప విషయానికొస్తే, ప్రభావం ఉంటుంది. పిల్లల్ని ఎక్కువగా కుంగదీసేది ఈ రోజు నాన్న ఎలా ఉంటాడో తెలియకపోవడం. ఎప్పుడూ ఒకేలా కఠినంగా ఉండే మనిషికి పిల్లలు ఎంతో కొంత అలవాటు పడతారు. ఎప్పుడు పేలుతాడో తెలియనివాడి ముందు వాళ్ల ఒళ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. పాపకు ఈ మధ్య తరచూ కడుపునొప్పి అంటోందా, నిద్రలో ఉలిక్కిపడుతోందా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైందా, స్కూల్లో టీచర్ ఏమైనా అన్నారా, ఇవి గమనించండి. ఉంటే పిల్లల మానసిక నిపుణులకు చూపించండి.

మీ చేతిలో ఉన్నదీ తక్కువేం కాదు. 2010లో అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో ఏడు నుంచి పన్నెండేళ్ల ఆడపిల్లలను, అంటే సరిగ్గా మీ పాప ఈడువాళ్లను, కొత్తవాళ్ల ముందు నిలబెట్టి మాట్లాడమన్నారు, లెక్కలు చేయమన్నారు. అందరికీ కార్టిసాల్ పెరిగింది. తర్వాత కొందరికి అమ్మ వచ్చి దగ్గరకు తీసుకుంది, కొందరు అమ్మతో ఫోన్లో మాట్లాడారు, ఇంకొందరికి అమ్మతో మాటే లేదు. అమ్మ మాట విన్నవాళ్లకు, అది ఫోన్లోనైనా సరే, కార్టిసాల్ త్వరగా దిగింది, మనసుకు ఊరటనిచ్చే ఆక్సిటోసిన్ పెరిగింది. కాబట్టి గొడవయ్యాక ఏడుస్తూ వంటింట్లోకి వెళ్లిపోకండి. పాపతో మాట్లాడండి. "నాన్నకు కోపం వచ్చింది. అలా అరవడం తప్పు. అది నీ వల్ల కాదు" అని ఆ మూడు సంగతులూ చెప్పండి. "నాన్నకు ఆఫీసులో పని ఎక్కువ కదా" అని మాత్రం సర్దిచెప్పకండి. రేపు తన మీద ఎవరైనా అరిస్తే తనూ అదే కారణం వెతుక్కుంటుంది. పాపకు సారీ చెప్పాల్సింది ఆయనే, కోపం తగ్గాక ఆయన చేతే చెప్పించండి.

కంచం విసరడాన్ని నేను చిన్న విషయంగా చూడటం లేదు. ఇకమీద చెయ్యి లేచినా, విసిరిన వస్తువు మీకు గానీ పాపకు గానీ తగిలినా, మీకు భయమేసినా ఆగకండి. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, పుట్టింటివాళ్లకు చెప్పి పెట్టండి. అప్పుడిక హార్మోన్ల చర్చ అక్కర్లేదు.

అంతదాకా రాకపోతే, ఆయన్ను ముందు ఒక జనరల్ ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి. బీపీ, షుగర్, థైరాయిడ్ చూపించండి. గట్టిగా గురక పెడతారేమో, మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుందేమో, వారంలో ఎన్నిసార్లు తాగుతారో దాచకుండా చెప్పండి. మగవాళ్లలో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపుగా కాక ఇలా చిరాకుగా బయటపడుతుంది, కాబట్టి సైకియాట్రిస్టును కలవమంటే భయపడొద్దు. వెళ్లడానికి మొహమాటపడితే ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబర్ 14416కు ఇంట్లోంచే ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. మీ నిద్ర గురించి మీరూ మాట్లాడొచ్చు, డబ్బులేమీ కట్టక్కర్లేదు.

ఆ పొడి సంగతి ఆఖరికి మిగిలింది. అశ్వగంధతో కార్టిసాల్ కొంత తగ్గినట్టు కొన్ని చిన్న పరిశోధనల్లో కనిపించింది. అది వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులూ అరుదుగా నమోదయ్యాయి. థైరాయిడ్ మందులతో, నిద్రమాత్రలతో దానికి పొసగకపోవచ్చు. డబ్బా పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి. అప్పటిదాకా వాడకుండా పక్కన పెట్టమనండి.